తీగెపై నిలిచిన కంఠం

అమెరికా జానపద గాయకులలో వుడీ గత్రీ పేరు వినని సంగీతప్రియులు అరుదు. ఆయన కట్టిన పాట ఒకటి ఆ దేశపు బడిపిల్లలకు జాతీయగీతం వలె కంఠస్థం. గ్రామఫోను పలకలమీద కూడ ఆయన గానం విస్తారంగానే మిగిలింది. కాని గదిలో యంత్రం ముందు కూర్చుండి పాడిన పాట వేరు, సభలో మనుష్యుల ముందు నిలబడి పాడిన పాట వేరు. పాటకూ పాటకూ నడుమ కబుర్లు చెబుతూ, శ్రోతలను నవ్విస్తూ, చెబుతున్న కథలో తానే దారి తప్పుతూ, మళ్ళీ పల్లవి అందుకొంటూ ఆయన గడిపిన కచ్చేరీలు లెక్కకు మిక్కిలిగా గాలిలో కలిసిపోయాయి. సుమారు గంటా పదిహేను నిమిషాల కచ్చేరీ ఒక్కటి మాత్రం తలవెంట్రుక వంటి ఉక్కుతీగె మీద నిలిచి, అర్ధశతాబ్దం పాటు ఒక ఇంట మరుగున పడి ఉండి, 2001లో వెలుగు చూసింది. ఆ కచ్చేరీ జరిగినది 1949లో. అప్పటికే తల్లి నుండి సంక్రమించిన వ్యాధి గాయకుని శరీరంలో తన పని మొదలు పెట్టింది. దానికి పేరు పెట్టి చెప్పిన వైద్యుడు అప్పటికి లేడు.

వుడీ 1912 జూలై 14న ఓక్లహామా రాష్ట్రంలో ఓకీమా అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆ నెలలోనే అధ్యక్షపదవికి డెమొక్రాటిక్ పక్షం అభ్యర్థిగా ఎంపికైన వుడ్రో విల్సన్ పేరునే తండ్రి బిడ్డకు పెట్టుకొన్నాడు. తండ్రి చార్లీ గత్రీ భూముల వ్యాపారి, స్థానిక రాజకీయాలలో మునిగి తేలిన మనిషి, కలిగిన రోజులలో దర్జాగా బ్రతికినవాడు. ఆ దర్జా వెనుక ఒక చీకటి కూడ ఉంది. వుడీ పుట్టడానికి ఏడాది ముందు, 1911 మే నెలలో, ఓకీమా సమీపాన నదివంతెనకు ఒక నీగ్రో తల్లినీ, ఆమె కుమారునీ ఒక మూక ఉరితీసింది. ఆ మూకలో తన తండ్రి ఉన్నాడని వుడీ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. ఆ దురంతం మీద ఒకటికి మించి పాటలు కట్టాడు. తండ్రి పాపాన్ని దాచకుండా పాటకు ఎక్కించగల కొడుకులు లోకంలో ఎందరో ఉండరు.

తల్లి నోరా బెల్ పాత కథాగేయాలు పాడేది. సముద్రం దాటి వచ్చిన ఇంగ్లీషు, స్కాచ్ పాటలు, ఓడ మునకల పాటలు, ప్రియుని పోగొట్టుకొన్న పడుచుల పాటలు - ఇవన్నీ పిల్లవాడు తల్లి ఒడిలోనే నేర్చుకొన్నాడు. కాని ఆమె స్వభావం ఏటికేడు మారిపోయింది. చేతులు వణకడం, నడక తూలడం, ఉన్నట్టుండి ఆగ్రహం, ఆపైన మౌనం. ఊరివారు పిచ్చి అన్నారు. ఆ ఇంటిని అగ్ని వెంటాడిందని చెప్పవలసి ఉంటుంది. కొత్తగా కట్టుకొన్న ఇల్లు ఒకటి వుడీ పుట్టకముందే కాలిపోయింది. 1919లో పెద్దకూతురు క్లారా బట్టలంటుకొని పదునాలుగేళ్ళ ప్రాయంలో చనిపోయింది. 1927లో తండ్రి తీవ్రంగా కాలిన గాయాలపాలై, టెక్సాసులో ఉన్న బంధువులను ఆశ్రయించాడు. తల్లిని నార్మన్ పట్టణంలోని ఉన్మాద చికిత్సాలయానికి పంపారు. 1930లో ఆమె అక్కడే మరణించింది. ఆమెకు ఉన్నది పిచ్చి కాదు. 1872లో జార్జి హంటింగ్టన్ అనే యువవైద్యుడు వర్ణించిన వంశపారంపర్య వ్యాధి అది. తల్లికో తండ్రికో అది ఉంటే, పుట్టిన ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. సాధారణంగా నడివయస్సు వచ్చేవరకు అది పైకి కనబడదు.

పదునాలుగేళ్ళకే వుడీ ఇల్లులేని వాడైనాడు. స్నేహితుల ఇళ్ళలో తిని, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకొని, నోటివాద్యం ఊదుతూ వీధులలో చిల్లర సంపాదించాడు. ఆ పిదప తండ్రి ఉన్న పాంపాకు చేరాడు. నూనెబావుల పుణ్యమా అని టెక్సాసులో పెరిగిన ఊరు అది. చదువు పూర్తి కాలేదుగాని అక్కడి గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివాడు. అంగళ్ళకు బోర్డులు వ్రాయడం నేర్చాడు. ఫిడేలు వాయించే పినతండ్రి జెఫ్ దగ్గర గిటారు పట్టుకోవడం అలవడింది. 1933లో మేరీ జెన్నింగ్సు అనే యువతిని వివాహమాడాడు. వారికి ముగ్గురు పిల్లలు కలిగారు.

1935 ఏప్రిల్ 14, ఆదివారం. ఆ దినాన పాంపా మీదికి వచ్చిన దుమ్ముతుపానును అమెరికా చరిత్రకారులు నేటికీ నల్ల ఆదివారమనే పిలుస్తారు. ఆ మైదానాలు గడ్డిభూములు. గోధుమ ధర పలికిన రోజులలో రైతులు ట్రాక్టర్లతో ఆ గడ్డినంతా పెకలించి దున్నారు. ఆ తరువాత ఏళ్ళతరబడి వానలు లేవు. పట్టి ఉంచే వేరు లేక మన్నంతా గాలికి లేచింది. నల్లని కొండ కదలి వచ్చినట్టు వచ్చి, పట్టపగలు చేతిలో పెట్టుకొన్న దీపం కూడ కానరాకుండా చేసింది. అంత్యకాలం వచ్చిందని ఇళ్ళలో చేరి ప్రార్థనలు చేసిన వారు, ఇరుగుపొరుగుల వద్ద సెలవు తీసుకొన్న వారు కలరు. ఆ వీడ్కోలు నుండే వుడీ ప్రసిద్ధ గేయాలలో ఒకటి పుట్టింది. భయంతో చెప్పిన మాటను పల్లవి చేసి నవ్వు పుట్టించడం ఆయన కళలోని మొదటి రహస్యం.

రైతులు వేలకొద్దీ పాతకార్లలో సామాను కట్టుకొని కాలిఫోర్నియా దారి పట్టారు. వారితో పాటు వుడీ కూడ, కొంత దూరం గూడ్సు రైళ్ళలో, కొంత దూరం కాలినడకన వెళ్ళాడు. పండ్లతోటలలో పని, ద్రాక్ష, నారింజ అని విన్న ప్రచారం వేరు, కండ్ల ఎదుట కనిపించినది వేరు. 1936లో లాస్ ఏంజెలిస్ పోలీసులు రాష్ట్రపు సరిహద్దుల దాకా పోయి, చేతిలో డబ్బులేని వారిని వెనుకకు మళ్ళించారు. ఓకీలు అన్న మాట తిట్టుగా మారింది. అట్టి మనుష్యులకు 1937లో లాస్ ఏంజెలిస్ రేడియో స్టేషను ఒకదాని నుండి తమ యాస, తమ పాట వినవచ్చాయి. వుడీ, మాక్సీన్ క్రిస్‌మన్ అనే యువతి కలిసి పాడే ఆ కార్యక్రమానికి శ్రోతల ఉత్తరాలు వేలసంఖ్యలో వచ్చాయి. పాటల నడుమ వుడీ చెప్పే పల్లెటూరి మాటలకే సగం ఉత్తరాలు వచ్చేవంటే అతిశయోక్తి కాకపోవచ్చు. ఆ రోజులలోనే ఆయన వలసకూలీల గుడారాలలో తిరిగి, పత్తి ఏరేవారి సమ్మెలలో పాడి, కమ్యూనిస్టు పత్రికలో ఒక శీర్షిక నడిపాడు. అందులకు గాను జన్మస్థలమైన ఓకీమా ఆయనను చాలకాలం తనవాడని చెప్పుకోలేదు.

1940 ఆరంభంలో న్యూయార్కు చేరాడు. దారి పొడుగునా ప్రతి రేడియోలోను, ప్రతి పూటకూటి ఇంటిలోను దేశాన్ని దేవుడు దీవించాలని కోరే ఇర్వింగ్ బెర్లిన్ పాటే వినబడింది. ఆ పాటలోని తృప్తి వుడీకి రుచించలేదు. ఫిబ్రవరి 23న ఒక చవుక హోటలు గదిలో దానికి జవాబుగా పాట వ్రాశాడు. వరుస మాత్రం కార్టర్ కుటుంబం వారు పాడిన పాత పాటలది. ఇతరుల వరుసలు తీసుకోవడాన్ని ఆయన దొంగతనంగా ఎన్నడూ భావించలేదు, జానపదుడెవ్వడూ భావించడు. ఈ నేల నీదీ నాదీ అనే భావంతో సాగే ఆ పాటే పిమ్మట దేశమంతటా మారుమ్రోగింది. సొంత ఆస్తి బోర్డుల మీదా, ఆకలితో వరుసలో నిలిచిన జనం మీదా ఆయన వ్రాసిన చరణాలు మాత్రం పాఠ్యపుస్తకాలలోకి రాలేదు.

మార్చి 3వ తేదీ రాత్రి న్యూయార్కు ఫారెస్ట్ నాటకశాలలో వలసకూలీల సహాయార్థం ఒక కచ్చేరీ జరిగింది. స్టెయిన్‌బెక్ నవల ఆ రోజులలో ఇంటింటా చదవబడుతూ ఉండేది. ఆ నవల పేరనే ఆ సభ కూడ ఏర్పాటైంది. వేదిక మీదికి వచ్చిన ఆ సన్నని, పొట్టి మనిషి మాటతీరు విని సభలో ఉన్న ఆలన్ లోమాక్సు ఆశ్చర్యపోయాడు. లోమాక్సు కాంగ్రెసు గ్రంథాలయంలో జానపద గేయ విభాగం చూస్తూ ఉండేవాడు; తండ్రితో కలిసి కారులో రికార్డింగు యంత్రం పెట్టుకొని, చెరసాలలు, పొలాలు తిరిగి పాటలు సేకరించినవాడు. పుస్తకాలలో వెదకుతున్న వస్తువు బ్రతికి ఉండి ఎదుట నిలబడినట్టయినది. ఆ రాత్రి వేదిక ఎక్కిన మరొక కుర్రవాడు పీట్ సీగర్.

ఆ నెలలోనే లోమాక్సు వుడీని వాషింగ్టనుకు పిలిపించి, మూడు దినాలలో కొన్ని గంటల పాటు పాటలు, మాటలు రికార్డు చేశాడు. లోమాక్సు ప్రశ్నిస్తాడు, వుడీ జవాబు చెబుతాడు. జవాబు కథ అవుతుంది, కథ పాట అవుతుంది. తల్లిని గురించి, అక్క కాలిపోవడాన్ని గురించి చెప్పేటప్పుడు కూడ ఆయన గొంతు పెద్దగా మారదు. ఇవి ప్రజలకు అందినది 1964లో, మూడు పలకలుగా. అప్పటికి గాయకుడు మాట పడిపోయి ఆసుపత్రిలో ఉన్నాడు. 1940 వసంతంలోనే విక్టర్ కంపెనీ వారు ఆయన దుమ్ముతుపాను పాటలను రెండు సంపుటాలుగా రికార్డు చేశారు. నవలలోని టాం జోడ్ కథ ఒక్క పాటలో ఇమిడ్చినది అందులోనే. అది ఒక వైపున పట్టక పలక రెండవ వైపుకు కూడ పోయింది. ఈ పలకలు ఆయన కీర్తికి పునాది. అయితే వానిలో వినబడేది వుడీలో సగమే. పలకకు మూడు, నాలుగు నిమిషాలే గడువు. గడియారం చూచుకొంటూ కథ చెప్పడం ఆయనకు చేతకాని పని.

న్యూయార్కు రేడియో ఆయనకు మంచి జీతమే ఇచ్చింది. ఒక పొగాకు కంపెనీ కార్యక్రమంలో ఏమి పాడాలో, ఏమి పాడకూడదో చెప్పేసరికి 1941 ఆరంభంలో భార్యాబిడ్డలను కారులో ఎక్కించుకొని వెళ్ళిపోయాడు. ఆ మే నెలలో బానివిల్ విద్యుచ్ఛక్తి సంస్థ వారు కొలంబియా నది ఆనకట్టలను గూర్చి పాటలు వ్రాయడానికి ఆయనను ఒక్క నెలకు కొలువులోకి తీసుకొన్నారు. జీతం 266 డాలర్ల 66 సెంట్లు. ఆ నెలలో 26 పాటలు కట్టాడు. పాట ఒకటికి పది డాలర్ల చొప్పున సర్కారువారికి ఇంత లాభసాటి బేరం మరొకటి కుదిరి ఉండదు. దుమ్ములో బ్రతుకు పోగొట్టుకొన్న రైతుకు నీరు, విద్యుత్తు అంటే ఏమో ఆయనకు తెలుసు గనుక, ప్రభుత్వం కొరకు వ్రాసినా ఆ పాటలు ప్రచారపు పాటలుగా తేలిపోలేదు. వానిలో ఒకదానిని వాషింగ్టన్ రాష్ట్రం 1987లో తన అధికార జానపద గీతంగా స్వీకరించింది.

తరువాతి సంవత్సరాలు యుద్ధపు సంవత్సరాలు. ఆల్మనాక్ గాయకబృందంలో సీగర్ మొదలైన వారితో కలిసి ఊరూరా పాడాడు. తన గిటారు ఫాసిస్టులను సంహరించే యంత్రమని దాని మీదనే వ్రాసుకొన్నాడు. 1943లో స్వీయకథ ప్రకటించాడు. వర్తకనౌకలలో చేరి మూడుసార్లు సముద్రం దాటాడు. ఆయన ఎక్కిన ఓడలలో రెండు దెబ్బతిన్నాయి. మేరీతో సంసారం అప్పటికే చెడింది. మార్తా గ్రాహం నాట్యబృందంలో నర్తకి అయిన మార్జొరీ మాజియాను 1945లో పెండ్లాడి, కోనీ ఐలండులో మెర్మెయిడ్ ఎవెన్యూ మీద కాపురం పెట్టాడు. మార్జొరీ క్రమశిక్షణ గల స్త్రీ. తాళానికి ఒక అడుగు అటూ ఇటూ అయితే నాట్యం చెడుతుందని తెలిసినది. వుడీయో, తోచినప్పుడు ఒక తాళం ఎక్కువ, తోచినప్పుడు ఒకటి తక్కువ వేసే మనిషి. ఇద్దరికీ పరిచయమైనది కూడ ఆయన పాటలకు నాట్యం కూర్చే సందర్భంలోనే. ఒకే పాటను రెండుమార్లు ఒకే విధంగా పాడలేని ఆ గాయకునితో నర్తకులు పడిన అవస్థ ఊహించుకోవలసినదే.

1944 వసంతంలో మోజెస్ ఆష్ అనే రికార్డుల వ్యాపారి చిన్న గదికి వుడీ నడచి వెళ్ళాడు. యిడ్డిషు నవలాకారుడు షోలెం ఆష్ కుమారుడాయన. లాభనష్టాలు చూడకుండా ఎవరు వచ్చి పాడినా పట్టి ఉంచే స్వభావం. తోడినావికుడు సిస్కో హ్యూస్టన్‌తో కలిసి వుడీ అక్కడ కొద్ది వారాలలో నూరింటికి పైగా పాటలు పాడాడు. నేలను గురించిన ప్రసిద్ధగీతం మొదట రికార్డయినది ఆ గదిలోనే.

మార్జొరీ, వుడీల మొదటి బిడ్డ క్యాతీ. పిల్లల కొరకు ఆయన కట్టిన పాటలకు ఆ చిన్నదాని మాటలే ముడిసరకు. నాలుగేళ్ళు నిండిన కొద్దిరోజులకే, 1947 ఫిబ్రవరిలో, ఇంటిలో విద్యుత్తు తీగె వలన పుట్టిన మంటలో ఆ బిడ్డ కాలి చనిపోయింది. క్లారా పోయిన ఇరువది ఎనిమిదేళ్ళకు అదే విధంగా. ఆ పిమ్మట ఆర్లో, జోడీ పుట్టారు. ఆయన వ్రాయడం మానలేదు. 1948 జనవరిలో కాలిఫోర్నియాలో లోస్ గాటోస్ లోయ వద్ద విమానం కూలి 32 మంది మరణించగా, అందులో 28 మంది మెక్సికో కూలీల పేర్లు వార్తలలో రాకపోవడం చూచి ఒక గేయం వ్రాశాడు. ఆ గేయానికి వరుస కట్టినది దాదాపు పదేళ్ళ తరువాత మరొకరు. ఆ కూలీల పేర్లు చెక్కిన శిల వారి సమాధి మీద 2013లో వెలసింది.

ఈ స్థితిలో, 1949లో, న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూవార్కు పట్టణంలో ఫల్డ్ హాలు అనే చోట వుడీ కచ్చేరీ జరిగింది. పెద్ద సభ కాదు. వచ్చినవారిలో ఒక కళాశాల విద్యార్థి తనతో తీగె రికార్డరు తెచ్చుకొన్నాడు. డేనిష్ శాస్త్రజ్ఞుడు పౌల్‌సెన్ 1898లో కనిపెట్టిన సూత్రం అది: ఉక్కుతీగె ఒక అయస్కాంతం ముందు నుండి పరుగెత్తుతూ ఉంటుంది, ధ్వని దాని మీద అయస్కాంత ముద్రగా పడుతుంది. రెండవ యుద్ధం ముగిసిన తరువాత ఈ యంత్రాలు కొద్దికాలం ఇండ్లలోకి వచ్చాయి. గంటసేపటి ధ్వనికి మైలుకు పైగా తీగె కావాలి. తెగితే ముడివేయాలి, చిక్కుపడితే దేవుడే దిక్కు. టేపు వచ్చేసరికి ఈ యంత్రం మూలబడింది. అయితే నాలుగు నిమిషాలకు ఆగిపోయే పలకకు లేని గుణం ఒకటి దీనికి ఉంది. ఎంతసేపు మాట్లాడినా వింటుంది.

ఆ తీగె మీద మొదట వినబడేవాడు గాయకుడు కాదు, కథకుడు. మార్జొరీ సభకు ఆయనను పరిచయం చేసి, పక్కనే ఉండి ప్రశ్నలు వేస్తుంది. ఓకీమా గురించి అడుగుతుంది. ఆయన ఓకీమాతో మొదలు పెట్టి నూనెబావులకు, అక్కడి నుండి ఇంకెక్కడికో పోతాడు. ఆమె మెల్లగా వెనుకకు తెస్తుంది. ఆయన మళ్ళీ పోతాడు. సభ నవ్వుతుంది. మన హరికథలో పిట్టకథ వంటిది ఇది. బుర్రకథలో వంతవాడు ప్రశ్న వేసి కథను ముందుకు నడపడం తెలిసిన తెలుగు శ్రోతకు ఈ దంపతుల తీరు కొత్తగా తోచదు. కొందరు విమర్శకులు ఈ సుదీర్ఘ ప్రసంగాలను కచ్చేరీకి లోపంగా ఎంచుతారు. పాటలు మాత్రమే కావలసిన వారికి విక్టర్ పలకలు ఉండనే ఉన్నాయి. పాంపా దుమ్ము ఎట్లా వచ్చిందో ఆయన నోట సావకాశంగా విన్న తరువాత ఆ పాట వినడంలో ఉన్న రుచి పలకలో దొరకదు.

పాడినవానిలో దుమ్ముతుపాను పాటలున్నాయి, టాం జోడ్ కథ ఉంది, కొలంబియా నది పాటలున్నాయి. సెంట్రేలియా గనిలో 1947లో 111 మంది కూలీలు చనిపోయిన దుర్ఘటన మీది పాటలున్నాయి. అన్నిటికంటె గుండెను పట్టేది 1913 నాటి కథాగేయం. మిషిగన్ రాష్ట్రంలో కాల్యుమెట్ అనే ఊరిలో రాగిగనుల కూలీలు సమ్మెలో ఉండగా, క్రిస్మసు ముందురోజు సాయంత్రం మేడమీది హాలులో పిల్లలకు పండుగ చేశారు. నిప్పు అని ఎవరో కేక వేశారు. నిప్పు లేదు. మెట్లమీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు, అత్యధికులు పిల్లలు. వుడీ ఈ కథను ఉద్రేకం లేకుండ, వినేవారిని చేయిపట్టుకొని మెట్లు ఎక్కించినట్టు, పండుగ చూపినట్టు, ఆపైన కేక వినిపించినట్టు పాడుతాడు. నిప్పు అనే మాటకు ఆ కంఠంలో ఏమి అర్థం ఉన్నదో సభలో మార్జొరీకి ఒక్కతెకే పూర్తిగా తెలిసి ఉండాలి. క్యాతీ పోయి అప్పటికి మూడేళ్ళయినా కాలేదు.

ఆయన గొంతు మంచిది కాదు. ముక్కుతో పలుకుతుంది, ఎండిన నేల వలె పగులుతుంది. గిటారు వాయింపులో చమత్కారం లేదు. ఎన్నో కచ్చేరీలలో ఆయన మోసుకొని వచ్చినవి ఈ రెండే.

ఆ సంవత్సరం గడిచిన రెండవ నాడు, 1950 జనవరి 2న, కుమార్తె నోరా పుట్టింది; తండ్రి తన తల్లి పేరే పెట్టాడు. తరువాత పతనం వేగంగా వచ్చింది. కోపాలు, తూలుడు, మాట తడబాటు. త్రాగుడని కొందరు, ఉన్మాదమని కొందరు అన్నారు. 1952లో వైద్యులు హంటింగ్టన్ వ్యాధి అని నిర్ణయించారు. మార్జొరీతో వివాహం రద్దయింది. మరొక వివాహం చేసుకొని ఫ్లారిడాకు పోయాడు. అక్కడ చలిమంట రాజేయబోగా పెట్రోలు భగ్గుమని చేయి కాలింది. అగ్ని మరల ఒకసారి వచ్చి గిటారును తీసుకొనిపోయిందన్న మాట; ఆ చేయి నయమైనా వ్రేళ్ళు తంత్రుల మీద తిరుగలేదు. 1954లో తానై బ్రూక్లిన్ ఆసుపత్రిలో చేరాడు. 1956 నుండి 1961 వరకు న్యూజెర్సీలోని గ్రేస్టోన్ ఆసుపత్రి, మళ్ళీ బ్రూక్లిన్, చివరకు క్రీడ్‌మోర్. విడాకులైనా ఆయన సంరక్షణ చూచినది మార్జొరీయే. పిల్లలను వెంటబెట్టుకొని గ్రేస్టోన్‌కు వెళ్ళి, ఆవరణలోని చెట్టుక్రింద తండ్రితో గడపనిచ్చేది.

1961 జనవరిలో మిన్నెసోటా నుండి ఒక పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఆయనను చూడటానికే న్యూయార్కు వచ్చాడు. పేరు బాబ్ డిలన్. వుడీ పాటలు వుడీకే పాడి వినిపించాడు. ఆయనను ఉద్దేశించి ఒక పాట కట్టాడు కూడ; వరుస 1913 నాటి కాల్యుమెట్ కథాగేయానిది. గురువు వరుసను అడగకుండా తీసుకోవడమే ఆ సంప్రదాయంలో గురుదక్షిణ. వుడీ గత్రీ 1967 అక్టోబరు 3న, ఏబది అయిదవ ఏట, మరణించాడు. అస్థికలు కోనీ ఐలండు సముద్రంలో కలిపారు.

మార్జొరీ ఆ సంవత్సరమే హంటింగ్టన్ వ్యాధి మీద పోరాటానికి ఒక సంఘం స్థాపించి, బాధిత కుటుంబాలను వెదకి పట్టుకొని, శాసనసభ్యుల చుట్టూ, వైద్యుల చుట్టూ తిరిగింది. వుడీ మొదటి భార్య కుమార్తెలిద్దరిని ఆ వ్యాధియే బలిగొన్నది. వ్యాధికి మూలమైన జన్యువు నాలుగవ క్రోమోజోము మీద ఉన్నదని 1983లో తేలింది. మార్జొరీ మరణించినది కూడ ఆ ఏడే. జన్యువు చేతికి చిక్కినది 1993లో.

నోరా పెద్దదై తండ్రి కాగితాలు పోగుచేసింది. 1996లో న్యూయార్కులో భాండాగారం తెరచింది. వరుస తెలియని పాటల కాగితాలు వేలలో ఉన్నాయి. వానిలో కొన్నిటికి ఇంగ్లండు గాయకుడు బిల్లీ బ్రాగ్, విల్కో బృందం కొత్త వరుసలు కట్టగా 1998లో మెర్మెయిడ్ ఎవెన్యూ అన్న పేరిట వెలువడ్డాయి. 2001లో న్యూవార్కు నాటి విద్యార్థి, అప్పటికి వృద్ధుడు, తన వద్ద ఉన్న రెండు తీగెచుట్టలను ఈ భాండాగారానికి పంపాడు.

చుట్టలు రాగానే పాట రాలేదు. తీగె నడిపే యంత్రాలు లోకంలో అరుదైపోయాయి. తీగె మెలికలు పడింది. తీగె తిరిగిపోతే ముద్రపడిన వైపు పక్కకు పోయి ధ్వని మందగిస్తుంది. అంతకంటె పెద్ద చిక్కు వేగానిది. ఈ యంత్రాలలో తీగెను లాగేది చుట్టుకొనే చుట్టయే గనుక, చుట్ట లావవుతున్న కొద్దీ వేగం మారుతుంది. గాయకుని శ్రుతి ఒకచోట పైకి, ఒకచోట క్రిందికి జారుతుంది. గణితశాస్త్రజ్ఞుడు కెవిన్ షార్ట్ మొదలైన నిపుణులు క్షణక్షణానికీ జరిగిన మార్పును లెక్కగట్టి, శ్రుతిని దాని స్థానానికి తెచ్చారు. ఆ కచ్చేరీ 2007లో వెలువడి, 2008లో చారిత్రక సంపుటాల విభాగంలో గ్రామీ బహుమతి పొందింది. భాండాగారం 2013లో ఓక్లహామాలోని టల్సాకు, గాయకుడు పుట్టిన రాష్ట్రానికి, తరలి వెళ్ళింది.

తండ్రి పాడగలిగిన రోజులలో నోరా పసిబిడ్డ. ఆమెకు ఊహ తెలిసేసరికి ఆయన మాట ముద్దగా మారింది, చేతులు ఆగకుండా ఊగుతూ ఉండేవి. ఆ తీగె మీద ఆయన తడుముకోకుండా మాట్లాడుతున్నాడు. పక్కన తల్లి ఇక పాట అందుకోమని గుర్తుచేస్తున్నది. ఆయన ఇంకొక కథ మొదలు పెడుతున్నాడు.